చికిత్స మొదలైన పదమూడో రోజు: పశ్చిమ ప్రకాశంలో ఒక క్షయ మరణం

క్షయకు మందు లేక మనుషులు చనిపోయిన కాలం గడిచిపోయి చాలా ఏళ్ళయింది. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిసిన మాత్ర ఇవాళ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఉచితంగా దొరుకుతుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 12.5 లక్షల మంది ఈ వ్యాధితో మరణించారు. వారిలో వ్యాధి ఏమిటో తెలియకుండానే పోయినవారు ఉన్నారు, తెలిసి మందు మింగుతూ పోయినవారూ ఉన్నారు. ఇక్కడ వివరిస్తున్న కేసు రెండో కోవకు చెందినది. టీబీ యూనిట్‌లో వైద్యాధికారిగా మరణ సమీక్షలు చేసే క్రమంలో ఈ కేసు నా ముందుకు వచ్చింది. రోగి ఎవరో తెలియకుండా ఉండేందుకు ఊరి పేరు, కుటుంబ వివరాలు కొన్ని వదిలివేశాను, వైద్యపరమైన అంశాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

చికిత్సలో ఉండగా జరిగే క్షయ మరణాలలో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే, అందులోనూ తొలి వారాల్లోనే జరుగుతాయి. దీన్నిబట్టి మాత్ర చేతిలో పెట్టిన రోజునే ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నది అతని ప్రాణానికి సంబంధించి చాలావరకు నిర్ణయాత్మకమవుతుంది. ఆ రోజు మనం తెమడ పరీక్ష ఫలితాన్ని చూస్తాం, మందుకు లొంగని టీబీ అవునో కాదో చూస్తాం, బరువును బట్టి ఎన్ని మాత్రలో లెక్క వేస్తాం. మనిషి నిలబడగలుగుతున్నాడా లేదా అన్నది రాసుకునే గడి మాత్రం చాలా చోట్ల ఓపీ చీటీలో ఉండదు.

రోగి నేపథ్యం

రోగి 47 ఏళ్ళ పురుషుడు. మార్కాపురం పరిసరాల్లోని ఒక పల్లెలో కాపురం. యువకుడిగా ఉన్నప్పటి నుంచి పలకల యూనిట్లలో కోత యంత్రం మీద పని చేశాడు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలకు ఈ ఊరి పేరు కొత్త కాదు. ఇప్పుడు బడి పలకల వాడకం తగ్గినా, ఆ రాయినే గోడలకు, నేలకు అతికించే బిళ్ళలుగా కోసే పని సాగుతూనే ఉంది. పలక రాతిలో క్వార్ట్జ్ ఉంటుంది. నీళ్ళు పోయకుండా పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళి గాలి సంచుల దాకా చేరి, క్రిములను మింగి చంపవలసిన మాక్రోఫేజ్ కణాలను దెబ్బతీస్తుంది. టీబీ క్రిమి తలదాచుకుని పెరిగేది కూడా ఆ కణాల్లోనే కనుక, సిలికా ధూళి పీల్చినవారికి క్షయ వచ్చే అవకాశం, వచ్చాక ముదిరే అవకాశం రెండూ ఎక్కువే. ఇది పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న విషయమే అయినా, మన దగ్గర ఓపీలో దగ్గుతో వచ్చిన మనిషిని ఏం పని చేస్తావని అడగడం ఇప్పటికీ అరుదు.

ఆయాసం మొదలయ్యాక యంత్రం పని మానేసి భార్యతో కలిసి హైదరాబాదు వలస వెళ్ళి, కడుతున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. దగ్గు అక్కడే మొదలైంది. మద్యం అలవాటు చాలా ఏళ్ళుగా ఉంది, చివరి నెలలో తాగే ఓపిక కూడా లేక మానేశాడని భార్య చెప్పింది. సంక్రాంతికి ఊరికి వచ్చిన మనిషి తిరిగి వెళ్ళలేకపోయాడు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర దగ్గు మందు, ఇంజెక్షన్లు అయ్యాయి. తర్వాత పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు పది రోజులకు రాశారు. వాటితో జ్వరం తగ్గి, వారం పాటు అన్నం కూడా సయించింది. లెవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడా పనిచేసే మందు. సరైన నిర్ధారణ లేకుండా దాన్ని వాడితే రోగం కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించి, తెమడ పరీక్ష మరికొన్ని వారాలు వెనక్కి పోతుంది. ఇతని విషయంలో అదే జరిగింది. మొదటి దగ్గు నుంచి ట్రూనాట్ పరీక్ష (తెమడలో క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) దాకా దాదాపు ఐదు నెలలు పట్టింది.

మొదటి రోజు

ట్రూనాట్‌లో క్షయ క్రిమి ఉన్నట్టు, రిఫాంపిసిన్‌కు నిరోధకత లేనట్టు తేలింది. హెచ్ఐవీ పరీక్ష నెగెటివ్. రాండమ్ షుగర్ 96. బరువు 34 కిలోలు. జాతీయ కార్యక్రమం నిర్ణయించిన బరువు శ్రేణుల ప్రకారం 25 నుంచి 34 కిలోల వరకు రోజుకు రెండు మాత్రలు కనుక, ఆ మోతాదులోనే మందు, దానితోపాటు పైరిడాక్సిన్ (బి6 విటమిన్) ఇచ్చారు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్ వేదిక నిక్షయ్‌లో నమోదు చేశారు. పోషకాహార సాయం కోసం బ్యాంకు ఖాతా నంబరు తీసుకున్నారు. ఆశా కార్యకర్తను చికిత్స సహాయకురాలిగా రాశారు. కాగితాల మీద చూస్తే ఇందులో ఏ తప్పూ లేదు. చేయవలసిన పరీక్షలన్నీ చేశారు, మోతాదు సరైనది, మందు అదే రోజు మొదలైంది.

కాగితాల్లో లేనిది ఇంటికి వెళ్ళి మాట్లాడినప్పుడు తెలిసింది. ఆ రోజు ఆయనను మోటారు సైకిల్ మీద తీసుకెళ్ళారు. పెద్ద కొడుకు బండి నడిపాడు, పక్కింటి అబ్బాయి వెనక కూర్చున్నాడు, రోగిని ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి వెనక నుంచి నడుము చుట్టూ పట్టుకున్నారు. ఆరోగ్య కేంద్రంలో ఆయన బయట బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తూకం వేయడానికి మాత్రం ఇద్దరూ రెక్కలు పట్టుకుని యంత్రం మీద నిలబెట్టి ఒక్క క్షణం వదిలారు. చీటీ, రిపోర్టు పట్టుకుని లోపలికి వెళ్ళింది కొడుకు, మాత్రల అట్టలు తీసుకుంది కూడా కొడుకే. నేను భార్యను కాళ్ళ వాపు గురించి అడిగితే, "చెప్పులు విప్పితే వార్ల గుర్తులు పడేవి సార్, మందు మొదలెట్టకముందు నించే" అని చెప్పింది. పొడవు ఎవరూ కొలవలేదు. ఆక్సిజన్, శ్వాసల లెక్క చీటీలో లేవు.

తర్వాత పెద్దాసుపత్రిలో పడుకోబెట్టి కొలిచిన పొడవు 163 సెంటీమీటర్లు. 34 కిలోల బరువుకు బాడీ మాస్ ఇండెక్స్ (పొడవుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 12.8 వస్తుంది. కాళ్ళలో చేరిన నీరు కూడా ఆ 34 కిలోల్లో కలిసి ఉంది కనుక అసలు శరీరం అంతకంటే తక్కువే. ఈ ప్రాంతంలో పొడవు కొలవడానికి మరో చిక్కు కూడా ఉంది. కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వెన్ను వంగినవారు ఉన్నారు. వారిని నిలబెట్టి కొలిస్తే పొడవు తగ్గి, ఇండెక్స్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అటువంటివారికి రెండు చేతులూ బారగా చాచి కొలిచిన పొడవును ఎత్తుకు బదులుగా తీసుకోవచ్చు, లేదా మోచేతి పైభాగం చుట్టుకొలత తీసుకోవచ్చు. టేపు ఒక్కటే కావలసింది.

ఇంటి దగ్గర పదకొండు రోజులు

నాలుగో రోజున మూత్రం ఎర్రగా వచ్చింది. రిఫాంపిసిన్ వేసుకున్న దాదాపు ప్రతివారికీ ఇలా అవుతుంది, ఇందులో హాని ఏమీ లేదు. ఈ సంగతి కొడుక్కి చెప్పారో లేదో తెలియదుగానీ ఇంట్లోవాళ్ళకు మాత్రం చేరలేదు. కామెర్లు కమ్మాయనుకుని మాత్రలు ఆపి, పక్క ఊరికి తీసుకెళ్ళి పసరు పోయించారు. పసరు మందుతోపాటు పథ్యం కూడా వచ్చింది: పప్పు, గుడ్డు, నూనె ఏదీ తగలకూడదన్నారు. అంతకుముందు నుంచే టీబీ మాత్రలు వేడని ఇంట్లో ఒక నమ్మకం ఉంది. "వేడి చేసుద్దని మజ్జిగన్నమే పెట్టాం సార్, అది కూడా రెండు ముద్దలు తిని వద్దనేవాడు" అని భార్య చెప్పింది. ఇండెక్స్ 12.8 ఉన్న మనిషికి ఆ వారం దక్కిన ఆహారం ఇంతే.

ఏడో రోజున ఆశా కార్యకర్త వచ్చి అట్ట చూసి, మాత్రలు ఆగిన సంగతి గమనించి, మూత్రం రంగు గురించి విడమర్చి చెప్పి మళ్ళీ మొదలుపెట్టించింది. ఈ కేసులో తన పనికి మించి చేసిన మనిషి ఎవరైనా ఉంటే ఆమే. పదో రోజున వాపు మోకాళ్ళ దాకా వచ్చిందని, మనిషి మాట్లాడడం తగ్గించాడని ఆమె ఫోనులో తెలియజేసింది. నీరసం మందులతో మొదట్లో ఉండేదేనని, బలమైన తిండి పెట్టమని అటువైపు నుంచి జవాబు వచ్చింది. అదే సాయంత్రం కుటుంబం పిలిస్తే ఆర్ఎంపీ వచ్చి మంచం కోడుకు కర్ర కట్టి రెండు బాటిళ్ళ సెలైన్ ఎక్కించాడు. నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచే ప్రోటీన్ అల్బుమిన్ రక్తంలో అడుగంటినప్పుడు సెలైన్ రక్తనాళాల్లో నిలవదు. అది కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. నీరసానికి సెలైన్ అన్నది మన పల్లెల్లో పాతుకుపోయిన చికిత్స. దాన్ని పెట్టినవారి మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు, ఆ సమయానికి ఆ ఇంటికి వచ్చిన వైద్యం అదొక్కటే.

పదకొండో రోజు రాత్రి ఆయాసం ఎక్కువై 108లో దగ్గరి ఆసుపత్రికి, అక్కడ ఆక్సిజన్ పెట్టి పన్నెండో రోజు తెల్లవారేసరికి ఒంగోలులోని ఆసుపత్రికి తరలించారు. మార్కాపురం నుంచి ఒంగోలుకు తొంభై కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

ఆసుపత్రిలో

చేరినప్పుడు ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 84, శ్వాసలు నిమిషానికి 36, నాడి 128, బీపీ 84/50. ఒళ్ళు చల్లగా ఉంది, ఉష్ణోగ్రత 35.6 డిగ్రీల సెల్సియస్. షుగర్ 52. హిమోగ్లోబిన్ 6.9, తెల్లకణాలు 17,000, అల్బుమిన్ 1.8, సోడియం 122, పొటాషియం 3.0, క్రియాటినిన్ 1.4. కాలేయ పరీక్షల్లో బిలిరుబిన్ 1.4, ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 58. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లోనూ గుంతలతో కూడిన దట్టమైన నీడలు, మధ్య భాగంలో చిన్న చిన్న చుక్కలు, ఎడమ వైపు కింద కొత్తగా వచ్చిన న్యుమోనియా కనిపించాయి. ఊపిరితిత్తి మూలంలోని గ్రంథుల చుట్టూ గుడ్డు పెంకులా కాల్షియం పేరుకుని ఉంది. సిలికోసిస్‌ను, అంటే సిలికా ధూళి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బును, గట్టిగా సూచించే గుర్తు అది.

ఆక్సిజన్, గ్లూకోజు, విస్తృత పరిధి యాంటీబయాటిక్‌లు, హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. రక్తం నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టారు. బీపీ కొన్ని గంటలు నిలబడింది. వార్డు సిబ్బంది చేయగలిగిందంతా చేశారనే కేస్ షీటు చదివితే అర్థమవుతుంది. చికిత్స మొదలైన పదమూడో రోజున ఆయన చనిపోయాడు. రక్తం కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగినట్టు రిపోర్టు మరణం తర్వాత వచ్చింది.

మరణానికి కారణం ఏమిటి

మరణ ధ్రువపత్రంలో మొదట రాసినది గుండె, శ్వాస ఆగిపోవడం. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, శ్వాస ఆగుతాయి, కాబట్టి అది కారణం కాదు. ఆసుపత్రి మరణాలకు వాడే ఫారం 4లో మొదటి భాగం ఒక గొలుసును అడుగుతుంది: చివరి సంఘటన ఏమిటి, దానికి దారితీసింది ఏమిటి, అన్నిటికీ మూలం ఏమిటి. రెండో భాగం తోడైన ఇతర స్థితులను అడుగుతుంది. సమీక్షలో మేము ఆ గొలుసును తిరిగి రాశాము.

ముందుగా కాలేయం సంగతి. కుటుంబం కామెర్లని భయపడింది కనుకా, మద్యం చరిత్ర ఉంది కనుకా మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నదేమోనన్న ప్రశ్న సహజంగా వస్తుంది. లక్షణాలు ఉన్న రోగిలో ఏఎల్‌టీ సాధారణ పరిమితికి మూడింతలు దాటితే, లక్షణాలు లేకపోయినా ఐదింతలు దాటితే మందులు ఆపాలన్నది నియమం. 58 అన్నది ఆ హద్దుకు చాలా దూరం. మందు కాలేయాన్ని చంపలేదు, మూత్రంలో కనిపించింది మందు రంగే.

రెండోది అడ్రినల్ గ్రంథుల వైఫల్యం. మూత్రపిండాల మీద ఉండే ఈ గ్రంథులు బీపీని, షుగర్‌ను నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్‌ను ఇస్తాయి. సోడియం, షుగర్, బీపీ మూడూ పడిపోయిన క్షయ రోగిలో దీన్ని తలచుకోకుండా ఉండకూడదు. క్షయ ఆ గ్రంథులను నేరుగా తినేయవచ్చు. అంతేగాక రిఫాంపిసిన్ కాలేయంలో కార్టిసాల్ కరిగిపోయే వేగాన్ని పెంచుతుంది కాబట్టి, అప్పటిదాకా అంతంతమాత్రంగా నెట్టుకొస్తున్న గ్రంథి మందు మొదలైన తొలి రెండు వారాల్లో చేతులెత్తేయవచ్చు. ఇక్కడ కార్టిసాల్ పరీక్షకు రక్తం తీయకముందే హైడ్రోకార్టిజోన్ ఇచ్చారు, ఆ పరిస్థితిలో ఇవ్వడమే సరైనది. అందువల్ల దీన్ని రుజువు చేయలేము, కొట్టివేయలేము. అయితే పొటాషియం పెరగకుండా తగ్గి ఉండటం, కల్చర్‌లో క్రిమి పెరగడం చూస్తే, షాక్‌కు (బీపీ కుప్పకూలడానికి) సెప్సిస్‌నే, అంటే రక్తంలో పాకిన ఇన్‌ఫెక్షన్‌నే, ప్రధాన కారణంగా తీసుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

మూడోది, అన్నిటికంటే కింద ఉన్నది, తీవ్రమైన పోషకాహార లోపం. షుగర్ పడిపోవడం, ఒళ్ళు చల్లబడటం, జ్వరం లేకుండానే రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకడం, ఈ మూడూ కలిసి రావడాన్ని పిల్లల వైద్యులు తీవ్ర పోషకాహార లోపం ఉన్న పసిపిల్లల్లో చూసి వెంటనే గుర్తుపడతారు. అదే చిత్రం 47 ఏళ్ళ మనిషిలో కనిపిస్తే మనం నీరసం అని రాస్తాం. పెద్దవారి శరీరం కూడా ఆకలికి అదే విధంగా లొంగుతుంది. కాలేయంలో నిల్వ చక్కెర ఉండదు, దగ్గి తెమడ బయటికి తోయడానికి ఛాతీ కండరాలకు సత్తువ ఉండదు, ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరం తెచ్చుకునే శక్తి ఉండదు.

చివరికి మేము రాసినది ఇది: మొదటి భాగంలో సెప్టిక్ షాక్, దానికి దారితీసిన ఎడమ వైపు న్యుమోనియా, దానికి మూలమైన రెండు ఊపిరితిత్తుల క్షయ; రెండో భాగంలో తీవ్ర పోషకాహార లోపం, తీవ్ర రక్తహీనత, సిలికోసిస్. సిలికోసిస్‌ను విడిగా రాయడానికి వైద్యపరమైన కారణమే కాక మరొకటి ఉంది. అది చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. కాగితం మీద ఆ మాట లేకపోతే ఆ కుటుంబం పరిహారం కోసం అడగడానికి ఆధారమే ఉండదు.

ఇలాంటి సమీక్షల్లో ఒక వాదన తరచుగా వినిపిస్తుంది: చనిపోయింది న్యుమోనియాతో కదా, దీన్ని టీబీ మరణంగా ఎందుకు లెక్కించాలి? కార్యక్రమం నిర్వచనంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. చికిత్స మొదలుకాకముందు గానీ, చికిత్స జరుగుతుండగా గానీ ఏ కారణంతో చనిపోయినా ఫలితం మరణమే. రోడ్డు ప్రమాదంలో పోయినా అంతే. ఈ నిర్వచనం మొరటుగా అనిపించవచ్చు, కానీ దీనివల్ల ఒక మేలు ఉంది. కారణాల మీద బేరమాడి లెక్క తగ్గించుకునే వీలుండదు, సమీక్షలో మిగిలిన సమయమంతా ఏం జరిగిందన్న దాని మీదే పెట్టవచ్చు.

ఇంటి వైద్యం, కొందరికి పడక

క్షయ రోగిని ఆసుపత్రిలో ఎందుకు చేర్చలేదని అడిగితే, టీబీకి ఇంటి వైద్యమే చాలునని మేమందరం నేర్చుకున్నాము. ఆ పాఠం మన పొరుగునే పుట్టింది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ కెమోథెరపీ (మందుల చికిత్స) కేంద్రం ఇంటి దగ్గర మందు తీసుకున్నవారినీ శానిటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) ఉంచినవారినీ పోల్చి చూసి, ఫలితాల్లో తేడా లేదని 1959లో ప్రకటించింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల పడక దొరకడమే భాగ్యమనుకునే కాలంలో లక్షలాది పేదలకు వైద్యం అందుబాటులోకి రావడానికి ఆ అధ్యయనమే ఆధారం. అది ఇప్పటికీ నిజం. నడిచి వచ్చి నడిచి వెళ్ళే రోగులు ఎక్కువమంది, వారికి పడక అక్కరలేదు. మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకొచ్చే మనిషికి కూడా అదే నియమాన్ని వర్తింపజేయడంలోనే ఇబ్బంది ఉంది.

నెల్లూరు జిల్లా దాటి దక్షిణానికి వెళితే వచ్చే తమిళనాడు ఈ విషయంలో 2022 ఏప్రిల్ నుంచి ఒక పద్ధతి పాటిస్తోంది. కాసనోయ్ ఎరప్పిలా తిట్టం (క్షయ మరణాలు లేకుండా చేసే పథకం) అనే ఆ పథకం కింద నిర్ధారణ అయిన ప్రతి రోగినీ చాలా చిన్న వడపోతతో చూస్తారు. బాడీ మాస్ ఇండెక్స్ 14 లేదా అంతకు తక్కువ ఉన్నా, 16 లేదా అంతకు తక్కువ ఉండి రెండు కాళ్ళకూ వాపు ఉన్నా, నిమిషానికి శ్వాసలు 24 దాటినా, ఆక్సిజన్ 94 కన్నా తక్కువ ఉన్నా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా ప్రమాదం ఉన్నట్టు భావించి, ఆసుపత్రిలో చేర్చి పూర్తి పరీక్ష చేస్తారు. రక్త పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. తూకం యంత్రం, టేపు, పల్స్ ఆక్సీమీటర్, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు, అక్షరజ్ఞానం ఉన్న ఏ సిబ్బంది అయినా చేయగలరు. మా రోగికి వీటిలో కనీసం మూడు మొదటి రోజే ఉన్నాయి. కాళ్ళ వాపు, నిలబడలేకపోవడం తెలుసుకోవడానికి పరికరం కూడా అవసరం లేదు.

పోషణ విషయంలో ఇప్పుడు ఆధారాలకు కొదవలేదు. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాలతో జరిగిన రేషన్స్ అధ్యయనంలో రోగికి నెలకు పది కిలోల ఆహార సరుకులు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా ఉంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి ఇస్తున్న నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. మా రోగి ఖాతా ధ్రువీకరణ పూర్తయ్యేసరికి ఆయన లేడు. ఒకవేళ డబ్బు ముందే వచ్చినా పథ్యం పెట్టిన ఇంట్లో అది గుడ్డుగా మారేదని నేను అనుకోను. డబ్బు పంపడం, తినవచ్చని చెప్పడం వేర్వేరు పనులు, రెండోదానికి ఖాతా అవసరం లేదు.

మరొక రోగి

ఈ సమీక్ష తర్వాత మా యూనిట్‌లో చీటీ మీద ఐదు గళ్ళ రబ్బరు స్టాంపు వేయడం మొదలుపెట్టాము. దానివల్ల తేడా కనిపించిన ఒక రోగి గురించి కొంచెం చెప్పాలి. మిరపకాయ కోతలకు వెళ్ళే 41 ఏళ్ళ స్త్రీ. బరువు 31 కిలోలు, పొడవు 150 సెంటీమీటర్లు, ఇండెక్స్ 13.8. ఆక్సిజన్ 95, నిలబడగలదు, నడిచే వచ్చింది. పాత పద్ధతిలో అయితే రెండు మాత్రలు ఇచ్చి ఇంటికి పంపేవారు. శ్వాసలు లెక్కపెడితే 28 వచ్చాయి. చేరమంటే భర్త ఒప్పుకోలేదు. గేదెను ఎవరు చూస్తారు, తోడు ఎవరుంటారు అన్నాడు. అవి నిజమైన ప్రశ్నలే. వాటికి జవాబు డాక్టరు దగ్గర ఉండదు. ఆశా కార్యకర్త ఆమె చెల్లెలికి ఫోన్ చేసి, "అమ్మాయ్, అక్కను పది రోజులు నువ్వు చూసుకో, బావను ఇంటికాడ ఉండనీ" అని మాట్లాడి ఒప్పించింది.

తిండి విషయంలో ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇంత బక్కచిక్కిన మనిషికి ఒక్కసారిగా కడుపునిండా అన్నం పెట్టడం కూడా ప్రమాదమే. పిండి పదార్థం లోపలికి వెళ్ళగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె లయ తప్పవచ్చు. థయామిన్ (బి1 విటమిన్) లోపం ఉంటే మెదడు దెబ్బతినవచ్చు. అందుకని ముందు థయామిన్ ఇచ్చి, తర్వాత పాలు, రాగి జావ, పెసరకట్టు కొద్దికొద్దిగా మూడు గంటలకొకసారి, రాత్రి కూడా లేపి పెట్టించి, కొన్ని రోజుల మీద పెంచుకుంటూ పోయారు. తెల్లవారుజామున షుగర్ చూశారు. మొదటి వారంలో ఆమె బరువు అరకిలో తగ్గింది. కంటికి ఆనని వాపు దిగడం వల్ల వచ్చిన తగ్గుదల అది. ఇది తెలియకపోతే మందు పడలేదని కుటుంబం కంగారు పడుతుంది. రెండో నెల చివరికి 34.5 కిలోలకు చేరింది. కోర్సు పూర్తి చేసింది.

ఒక్క రోగితో ఏదీ రుజువు కాదు. ఆమె ఊపిరితిత్తుల్లో సిలికా లేదు, వ్యాధి ఒక వైపుకే పరిమితం, మద్యం లేదు. మొదటి రోగిని చేర్చుకుని ఉంటే బతికేవాడని కూడా నేను రాయలేను. అంత ముదిరిన సిలికో-క్షయలో ఆసుపత్రిలో ఉండి కూడా చనిపోయేవారు ఉన్నారు. అయితే నాలుగో రోజు పసరు, పదో రోజు సెలైన్ ఆయనకు తగిలేవి కావు. షుగర్, పొటాషియం కనిపెట్టుకుని ఉండేవారు, న్యుమోనియా మొదలైన రోజే తెలిసేది.

ఆచరణలో ఎదురైన అడ్డంకి వడపోత దగ్గర రాలేదు, పడక దగ్గర వచ్చింది. సాధారణ వార్డులో టీబీ రోగిని తీసుకోవడానికి జంకు ఇంకా పోలేదు. ఇతర రోగుల బంధువులు అభ్యంతరం చెబుతారు, సిబ్బందికీ భయం ఉంటుంది. మందుకు లొంగే క్షయలో సరైన మందు మొదలయ్యాక అంటించే శక్తి త్వరగా పడిపోతుందని, కిటికీలు తెరిచిన గది, రోగి నోటికి మాస్కు ఉంటే చాలావరకు సరిపోతుందని వారికి చెప్పవలసి వచ్చింది. కొన్ని చోట్ల విన్నారు, కొన్ని చోట్ల రోగిని అదే అంబులెన్సులో తిప్పి పంపారు. ఫోనులో ముందుగా డ్యూటీ డాక్టరుతో మాట్లాడి, ఐదు గళ్ళలో ఏది తప్పిందో చెప్పి పంపితే తిప్పి పంపడం తగ్గింది.

చనిపోయిన రోగి ఇంట్లో మిగిలిన ముగ్గురినీ పరీక్షించాము. భార్యకు, చిన్న కొడుకుకు ఎక్స్‌రేలో ఏమీ లేదు. పెద్ద కొడుకు రెండేళ్ళుగా తండ్రి పని చేసిన పలకల కోత పనిలోనే ఉన్నాడు. అతని ఎక్స్‌రే కూడా ప్రస్తుతానికి స్వచ్ఛంగానే ఉంది, దగ్గు లేదు. ముగ్గురికీ వ్యాధి రాకుండా రిఫాపెంటిన్, ఐసోనియాజిడ్ కలిసిన మాత్రలు వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలకు ఇచ్చాము. రిఫాపెంటిన్‌తోనూ మూత్రం ఎర్రబడుతుందని, అందుకు మాత్రలు ఆపవద్దని, పప్పూ గుడ్డూ మానవద్దని మొదటి మోతాదుకు ముందే ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాము. పెద్ద కొడుకుకు ఏడాదికొకసారి ఎక్స్‌రే తీయించాలని రాశాము. యంత్రం మీద నీళ్ళు పోసి కోసే ఏర్పాటు ఉన్న యూనిట్‌కు మారమని చెప్పాము. కూలి అక్కడ తక్కువని, ఆలోచిస్తానని అన్నాడు.